రాగుల దగ్గర మొదలుపెట్టండి

“అక్కా, సోమవారం పీజీలకి లిటరేచర్ సెర్చ్ క్లాసు తీసుకోమన్నారు. మీ దగ్గర పీపీటీ ఉంటే పంపుతారా?”

మెడికల్ కాలేజీ లైబ్రరీల్లో కొత్తగా చేరిన మన లైబ్రేరియన్ల నుంచి ఏడాదికి నాలుగైదు సార్లయినా నాకు ఈ ఫోన్ వస్తుంది. లిటరేచర్ సెర్చ్ అంటే ఒక ప్రశ్న మీద ఇప్పటికే అచ్చయిన పరిశోధన పేపర్లని వెతికి పట్టుకోవడం, పీజీలంటే ఎండీ, ఎంఎస్ చదివే డాక్టర్లు. నేను పీపీటీ పంపను. లేక కాదు. 60 స్లైడ్ల పీపీటీ ఒకటి ఉంది, మొదటి మూడేళ్ళు దాంతోనే క్లాసు చెప్పాను. ఒక్క పీజీకి కూడా వెతకడం రాలేదు. నాకు మాత్రం స్లైడ్లు చదవడం బాగా వచ్చింది. అందుకే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మాది హిందూపురం. తిరుపతిలో లైబ్రరీ సైన్స్ చదివి, బెంగళూరులో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ లైబ్రరీలో చేరి 19 ఏళ్ళయింది. మా దగ్గర పీజీల్లో మూడోవంతు మంది తెలుగు పిల్లలే. కౌంటర్ దగ్గర ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, నా యాస వినగానే “మేడమ్, మీరు తెలుగా?” అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత అసలు సంగతి బయటికొస్తుంది: “మేడమ్, వచ్చే వారం థీసిస్ సినాప్సిస్ సబ్మిట్ చేయాలి. రివ్యూ ఆఫ్ లిటరేచర్ ఇంకా మొదలే పెట్టలేదు.”

క్లాసుకి ముందు

ఆడిటోరియంలో 80 మందిని కూర్చోబెట్టి ఒక్కసారిగా చెప్పేయమని అడుగుతారు. ఒప్పుకోకండి. వెతకడం అనేది చేత్తో నేర్చుకోవాల్సిన పని, ఈత లాంటిది. ఒడ్డున నిలబడి చెబితే రాదు. ఒక్కో విడతకి ఆరు నుంచి ఎనిమిది మంది, మనిషికో కంప్యూటర్. మా డిజిటల్ సెక్షన్లో 20 కంప్యూటర్లు ఉంటే పనిచేసేవి 14, అందులోనూ మౌస్ సరిగ్గా ఉన్నవి పది. ఉదయమే వెళ్ళి ఒక్కోదాన్నీ తెరిచి చూసుకుంటాను.

టైమ్ మధ్యాహ్నం రెండున్నర. ఓపీ అయిపోయి, భోజనం చేసి వస్తారు. ముందురోజు నైట్ డ్యూటీ చేసినవాళ్ళని ఆ విడతలో వేయకండి. నిద్రపోతారు, అందులో వాళ్ళ తప్పేం లేదు. డిపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వస్తే మధ్యలో లేచి వెళ్ళిపోతారు, దానికి మనసు కష్టపెట్టుకోకండి. వార్డులో ఉన్న పేషెంట్ కంటే మన సెర్చ్ బ్రాకెట్లు ముఖ్యం కాదు.

ఇంకొకటి, క్లాసులో చూపించబోయే ప్రశ్న మీద ముందురోజు రాత్రి మీరే పూర్తిగా వెతికి ఉండాలి. అక్కడికక్కడ కొత్త ప్రశ్న తీసుకుంటే స్క్రీన్ మీద ఏమొస్తుందో మనకే తెలీదు. ఓసారి నాకు అలా అయి, పది నిమిషాలు బ్రాకెట్ ఎక్కడ తప్పిందో వెతుక్కున్నాను. అందరూ మర్యాదగా సీలింగ్ ఫ్యాన్ చూశారు.

మొదటి పావుగంట కంప్యూటర్ ముట్టుకోవద్దు

మానిటర్లన్నీ ఆపేయించండి. మనిషికో తెల్లకాగితం ఇవ్వండి. ఈ ఒక్క ప్రశ్న అడగండి: “రాగుల్ని మీ ఇంట్లో ఏమంటారు?”

నవ్వుతారు. నవ్వనివ్వండి. కిందటి బ్యాచ్‌లో ఏం జరిగిందో చెబుతాను. కడప నుంచి వచ్చిన కమ్యూనిటీ మెడిసిన్ అమ్మాయి “రాగులే మేడమ్, ఇంకేమంటారు?” అంది. పక్కన కరీంనగర్ అబ్బాయి “మేం తైదలంటాం” అన్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆర్థో పీజీ “చోళ్ళు. చోడి అంబలి తాగకుండా మా తాత పొలానికి వెళ్ళేవాడు కాదు” అన్నాడు. తమిళమ్మాయి కేళ్వరగు అంది. నాగపూర్ నుంచి వచ్చినాయన నాచణి, డెహ్రాడూన్ అబ్బాయి మండువా, భువనేశ్వర్ అమ్మాయి మాండియా. బోర్డు నిండిపోయింది. గింజ మాత్రం ఒక్కటే.

అప్పుడు అడుగుతాను: “రాగులు తింటే షుగర్ తగ్గుతుందా అని తెలుసుకోవాలి. ఒకాయన పేపర్లో ఫింగర్ మిల్లెట్ అని రాశాడు, ఇంకొకాయన ఎల్యూసిన్ కొరకానా అని శాస్త్రీయ నామం రాశాడు, మూడో ఆయన రాగి అని రాశాడు. మీరు ఫింగర్ మిల్లెట్ అని మాత్రమే కొడితే మిగతా ఇద్దరి సంగతేంటి?”

చప్పుడుండదు. ఈ క్లాసులో నాకు కావలసిన నిశ్శబ్దం అదే. వెతకడం అంటే సరైన పదం కనిపెట్టడమని అందరూ అనుకుంటారు. కాదు. అవతలివాళ్ళు వాడి ఉండగల పేర్లన్నీ కూడబెట్టడం. ఈ ముక్క కాగితం మీద అర్థమైతే మిగతాదంతా టైపింగే.

ఇలా వచ్చిన పేర్లని నేను ఒక చార్టు మీదకి ఎక్కించి, రిఫరెన్స్ సెక్షన్ తలుపు పక్కన అంటించాను. ప్రతి బ్యాచ్ వచ్చి తమకు తెలిసిన పేరు చేరుస్తుంది. ఎండకి వెలిసిపోయింది కానీ తీయలేదు.

ప్రశ్నని ముక్కలు చేయడం

పైకో గురించి పీజీలకి జర్నల్ క్లబ్‌లో ఇప్పటికే చెప్పి ఉంటారు. 1995లో వచ్చిన పద్ధతి: పేషెంట్ ఎవరు, ఏం ఇస్తున్నాం, దేంతో పోలుస్తున్నాం, ఏం ఫలితం చూస్తున్నాం. మన ప్రశ్నలో టైప్ 2 షుగర్ ఉన్న పెద్దవాళ్ళు, రాగి ఆహారం, వరి లేదా గోధుమ ఆహారం, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష).

లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించకూడదు. మన గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు రంగనాథన్ గారు విషయాల్ని విడదీయడానికి చెప్పిన పర్సనాలిటీ, మేటర్, ఎనర్జీ, స్పేస్, టైమ్ చదివి పరీక్ష రాసిన వాళ్ళమే కదా. 1962లో ఆయన డీఆర్‌టీసీ అనే లైబ్రరీ సైన్స్ పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది ఈ బెంగళూరులోనే. ఒక విషయాన్ని ముఖాలుగా విడదీయడం మనకి డాక్టర్ల కంటే ముందు నేర్పారు. పీజీలకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. మీకు ధైర్యం రావడానికి చెబుతున్నాను. ప్రొఫెసర్ల ముందు క్లాసు చెప్పాలంటే కొత్తలో కాళ్ళు వణుకుతాయి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నాలుగు ముక్కలు రాశాం కాబట్టి నాలుగింటినీ సెర్చ్ బాక్సులో పెట్టేస్తారు. వద్దు. పేషెంట్, ఇచ్చేది, ఈ రెండు చాలు చాలాసార్లు. వరితో పోల్చామని ఆబ్‌స్ట్రాక్ట్‌లో రాయని పేపర్లు బోలెడు. హెచ్‌బీఏ1సీ చూసినా, ఆ మాట లోపల టేబుల్లో తప్ప బయట ఎక్కడా ఉండకపోవచ్చు. మాటల మధ్య అండ్ పెడితే రెండూ ఉన్న పేపర్లే వస్తాయి, అంటే ప్రతి అండ్ ఒక జల్లెడ. నాలుగు జల్లెళ్ళు పడితే రాళ్ళతోపాటు గింజలూ పోతాయి. పోలిక, ఫలితం మన కళ్ళతో చదివి ఏరుకోవాలి, వాటి పని అక్కడ.

ఇప్పుడు పబ్‌మెడ్ తెరవండి

పబ్‌మెడ్ అంటే వైద్య పేపర్ల వివరాలు వెతుక్కునే అమెరికా వాళ్ళ ఉచిత సైట్. ముందు తప్పు చేయించండి. “షుగర్ పేషెంట్ రాగి” అని కొట్టమనండి, మనం ఇంట్లో మాట్లాడుకున్నట్టే. వచ్చినవి చదవమనండి. పబ్‌మెడ్‌కి షుగర్ అంటే పంచదార, రోగం కాదు.

తర్వాత “హార్ట్ ఎటాక్” అని కొట్టించి, అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ కింద డీటెయిల్స్ తెరిపించండి. మనం కొట్టిన రెండు మాటల్ని పబ్‌మెడ్ మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అనే హెడింగ్‌గా మార్చుకుని వెతికిందని అక్కడ కనిపిస్తుంది. ఇది చూసినప్పుడు పీజీల మొహాలు చూడాలి. ఆరేడేళ్ళుగా వాడుతున్న సైట్ వాళ్ళ మాటని వెనకాల మారుస్తోందని చాలామందికి తెలీదు. మంచికే మారుస్తుంది. కానీ కొటేషన్ గుర్తులు పెట్టినా, మాట చివర ఏ అక్షరాలున్నా రమ్మనే నక్షత్రం పెట్టినా ఆ సాయం ఆగిపోతుంది. అప్పటి నుంచి పేర్ల బాధ్యతంతా మనదే.

మెష్ గురించి చెప్పేటప్పుడు నిర్వచనాలు వద్దు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళు 1960 నుంచి నడుపుతున్న సబ్జెక్ట్ హెడింగ్స్ జాబితా అని చెప్పి, బోర్డు మీద రాగుల పేర్లన్నిటి చుట్టూ ఒక సున్నా చుట్టండి. రచయిత ఏ పేరు వాడినా ఇండెక్సింగ్‌లో ఒకే చీటీ అంటిస్తారు. రాగులకి ఆ చీటీ “ఎల్యూసిన్”. షుగర్‌కి “డయాబెటిస్ మెలిటస్, టైప్ 2”. పై హెడింగ్ తీసుకుంటే దాని కింద చెట్టుకొమ్మల్లా ఉన్న చిన్న హెడింగ్‌లన్నీ తనంతట తనే కలుపుకుంటుంది.

“మరి ఆ చీటీ ఒక్కటి పెట్టి వెతికితే చాలదా మేడమ్?” అని ఒకరు తప్పకుండా అడుగుతారు. అడక్కపోతే మీరే అడిగించండి. మన టెక్నికల్ సెక్షన్లో క్యాటలాగింగ్ కాని పుస్తకాల గుట్ట ఉంటుంది చూశారా, పబ్‌మెడ్‌లోనూ అలాంటిది ఉంది. పబ్‌మెడ్‌లో ఉన్నవన్నీ మెడ్‌లైన్‌లో, అంటే మెష్ చీటీలు అంటించే జాబితాలో, ఉన్నవి కావు. పీఎంసీ అనే ఉచిత ఫుల్ టెక్స్ట్ భాండారం దారిలో వచ్చి చేరిన జర్నళ్ళు చాలా ఉన్నాయి, వాటి పేపర్లకి మెష్ చీటీ ఎప్పటికీ పడదు. మన దేశపు జర్నళ్ళు ఎన్నో ఆ దారినే వచ్చాయి. రాగుల మీద వెతికేవాడు చీటీ ఒక్కటే నమ్ముకుంటే మన ఊరి పేపర్లే జారిపోతాయి. పక్కన ఉన్న హ్యూమన్స్ ఫిల్టర్ నొక్కినా ఇదే నష్టం, అది కూడా చీటీ చూసే పనిచేస్తుంది. అందుకే చీటీ, మామూలు మాటలు, రెండూ పెట్టి మధ్యలో ఆర్ వేయాలి, ఏది ఉన్నా రమ్మని.

వరస ఇలా కట్టించండి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

మొదటి లైను: ఎల్యూసిన్ మెష్ ఆర్ “ఫింగర్ మిల్లెట్” ఆర్ “ఎల్యూసిన్ కొరకానా” ఆర్ రాగి ఆర్ మండువా ఆర్ నాచ్నీ

రెండో లైను: డయాబెటిస్ మెలిటస్, టైప్ 2 మెష్ ఆర్ డయాబెట్* ఆర్ “బ్లడ్ గ్లూకోజ్” ఆర్ గ్లైసీమి*

మూడో లైను: మొదటిది అండ్ రెండోది

ఒక్కో లైనునీ విడిగా నడిపించండి. ఒకే పెద్ద బ్రాకెట్ల మూటగా కొడితే తప్పు ఎక్కడుందో దేవుడికి కూడా దొరకదు. అడ్వాన్స్‌డ్ పేజీలో ప్రతి లైనుకీ ఒక నంబరు పడుతుంది, చివర్లో నంబర్లని కలిపితే చాలు.

మామూలు మాటల పక్కన స్క్వేర్ బ్రాకెట్లో టి-ఐ-ఏ-బి పెట్టమనండి. టైటిల్లో, ఆబ్‌స్ట్రాక్ట్‌లో, రచయిత ఇచ్చిన కీవర్డ్‌లలో మాత్రమే చూడమని అర్థం. లేకపోతే మిల్లెట్ అని కొట్టినప్పుడు మిల్లెట్ అనే ఇంటిపేరున్న రచయితలు కూడా వచ్చి కూర్చునే అవకాశం ఉంది. గ్లైసీమిక్‌కి అమెరికా స్పెల్లింగ్ ఒకటి, బ్రిటిష్ స్పెల్లింగ్ ఒకటి, రెండూ రాయాలి. మనం స్కూల్లో బ్రిటిష్ స్పెల్లింగ్ నేర్చుకుని, జర్నళ్ళలో అమెరికా స్పెల్లింగ్ చదువుతాం కాబట్టి పిల్లలకి తేడానే కనిపించదు. అనీమియా, పీడియాట్రిక్స్, ఈడీమా, అన్నిట్లోనూ ఇదే గొడవ. నక్షత్రం ముందు కనీసం నాలుగు అక్షరాలు ఉండాలి, లేకపోతే పబ్‌మెడ్ ఒప్పుకోదు.

రెండు గోతులు చూపించకుండా వదలకండి. ఒకటి, ఇండోనేషియా, మలేషియాల్లో రాగి అంటే పిండి పులియబెట్టే ఈస్టు బిళ్ళ. మన సెర్చ్‌లోకి ఆ పేపర్లు దూరి వస్తాయి. రెండోది కోడో. మన దగ్గర కోడో మిల్లెట్ అంటే అరికెలు. నేపాల్‌లో కోడో అంటే రాగులే. ఈ సంగతి తెలియకుండా కోడోని పట్టుకొస్తే అరికెలు, రాగులు కలిసిపోతాయి, వదిలేస్తే నేపాల్ పోతుంది. ఏం చేయాలి? పెట్టి, వచ్చినవి చదివి, అరికెల్ని చేత్తో తీసేయాలి. ఏదీ వదలకుండా పద్ధతిగా చేసే సిస్టమాటిక్ సెర్చ్‌లో చెత్త రావడం తప్పు కాదు, అసలుది పోవడం తప్పు. గూగుల్‌కి అలవాటు పడ్డ పిల్లలకి ఈ మాట మింగుడుపడటానికి టైమ్ పడుతుంది.

వలకి చిల్లు ఉందో లేదో చూడటం

క్లాసులో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. చాలామంది లైబ్రేరియన్లు దీన్ని చెప్పరు, ఎందుకో నాకు అర్థం కాదు.

పీజీని ముందే గైడ్ దగ్గరికి పంపండి. “సార్, ఈ టాపిక్ మీద తప్పకుండా రావాల్సిన పేపర్లు ఐదు చెప్పండి” అని అడిగి రావాలి. ఆ ఐదింటికీ పబ్‌మెడ్ ఇచ్చిన పీఎంఐడీ నంబర్లని ఆర్‌తో కలిపి ఒక లైనుగా నడపాలి. తర్వాత “ఆ లైను నాట్ మన మూడో లైను” అని నడపాలి, అంటే ఆ ఐదింట్లో మన సెర్చ్‌కి చిక్కనివి మాత్రమే చూపించమని. సున్నా వస్తే వల బాగుంది. ఏదైనా మిగిలితే ఆ పేపర్ మన వల్లోంచి జారిపోయిందని అర్థం.

కడప అమ్మాయికి ఒకటి మిగిలింది. శ్రీలంక పేపర్. తెరిచి చూస్తే పైనుంచి కిందదాకా కురక్కన్ అని ఉంది. “ఇదేం గింజ మేడమ్?” అంది. “నువ్వు పొద్దున తిన్న సంగటేనమ్మా, సముద్రం దాటి వెళ్ళింది” అన్నాను. తనే లేచి వెళ్ళి చార్టు మీద కురక్కన్ అని రాసి వచ్చింది. నేను 60 స్లైడ్లతో చెప్పలేకపోయింది ఆ ఒక్క పేపర్ చెప్పింది.

జారిపోయిన ప్రతి పేపర్‌కీ కారణం రాయించండి. పేరు తెలియక పోయిందా, స్పెల్లింగా, అక్కర్లేని అండ్ పెట్టామా, అసలు ఆ పేపర్ పబ్‌మెడ్‌లో లేదా. కారణం తెలిస్తే సరిచేసి మళ్ళీ పరీక్ష. రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది.

నాట్ గురించి నా సొంత అవమానం

చేరిన రెండో ఏడు. జనరల్ మెడిసిన్ పీజీ ఒకాయనకి డెంగీ మీద పెద్దవాళ్ళ పేపర్లు మాత్రమే కావాలన్నాడు. నేను తెలివిగా నాట్ చైల్డ్ అని పెట్టి, లిస్టు తగ్గించి, ప్రింటు తీసి ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత వాళ్ళ గైడ్ నేరుగా లైబ్రరీకి వచ్చారు. చేతిలో ఒక పేపర్. “ఇది మీ లిస్టులో లేదేంటమ్మా?” పెద్దవాళ్ళనీ పిల్లల్నీ పక్కపక్కన పెట్టి పోల్చిన పేపరది. చైల్డ్ అనే మాట ఉంది కాబట్టి నా నాట్ దాన్ని కోసేసింది. అలా ఇంకెన్ని పోయాయో కూర్చుని లెక్కపెడితే తల తిరిగింది.

అప్పటి నుంచి నా క్లాసులో నాట్ వాడకానికి రెండే చోట్లు. ఇప్పుడే చెప్పిన పరీక్ష ఒకటి. జంతువుల మీద చేసినవి తీసేయడం రెండోది, అది కూడా “యానిమల్స్ నాట్ హ్యూమన్స్” అని లోపల ఇంకో నాట్ పెట్టి. మనుషులూ ఎలుకలూ ఇద్దరూ ఉన్న పేపర్ పోకూడదు కదా.

చాలకుండా వెతికితే ఏమవుతుందని అడిగేవాళ్ళకి నేను 2001 సంగతి చెబుతాను. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ఆస్తమా పరిశోధన కోసం హెక్సామిథోనియం పీల్చిన 24 ఏళ్ళ వాలంటీర్ ఎలెన్ రోష్ చనిపోయింది. ఏ జబ్బూ లేని మనిషి. ఆ మందు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుందని 1950ల పేపర్లలో ఉంది. పబ్‌మెడ్‌లో అప్పటికి 1966 నుంచి ఉన్నవే దొరికేవి. ఇది చెప్పినప్పుడు ఫోన్ చూసుకునేవాళ్ళు కూడా తలెత్తుతారు.

మిగతా చోట్లు

పబ్‌మెడ్ ఒక్కదాంతో సిస్టమాటిక్ సెర్చ్ కాదు. వైద్య ట్రయల్స్‌ని, వాటిని కలిపి తేల్చిన రివ్యూలని ఉంచే కోక్రేన్ లైబ్రరీ చూడాలి. 2007లో ఐసీఎంఆర్ డబ్బు కట్టి దేశమంతటికీ దాన్ని తెరిపించింది. మన కోక్రేన్ పని కేంద్రం వెల్లూరు సీఎంసీ అని చెబితే తమిళ పిల్లలు సంబరపడతారు. దేశంలో జరుగుతున్న ట్రయల్స్ కోసం సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ. అది 2007 జూలైలో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. థీసిస్‌ల కోసం శోధగంగ. ఆగ్నేయాసియా జర్నళ్ళకి డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ ఇమ్సియర్. గూగుల్ స్కాలర్ ఎంత పెద్ద సంఖ్య చూపించినా మొదటి వెయ్యికి మించి తెరవనివ్వదు, కాబట్టి దాన్ని చివర్లో, తోడుగా మాత్రమే.

ఎంబేస్ అనే ఇంకో పెద్ద డేటాబేస్ మాకు లేదు. డబ్బున్న సంస్థల వ్యవహారం అది. లేనప్పుడు సిగ్గుపడక్కర్లేదు, చూడలేదని మెథడ్స్‌లో రాయించండి. చూసినట్టు రాయించకండి. ప్రభుత్వ కాలేజీల్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. 2024 నవంబర్లో కేబినెట్ ఒప్పుకున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 జనవరి నుంచి 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, దాదాపు 13,000, వాళ్ళకి తెరుచుకున్నాయి. మాలాంటి ప్రైవేటు వాళ్ళకి ఆ తలుపు లేదు. కర్ణాటకలో రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలకి హెలినెట్ అనే ఆన్‌లైన్ జర్నళ్ళ సదుపాయం ఉంది. అందులో లేనిది కావాలంటే ఇంకో లైబ్రరీలో ఉన్న స్నేహితురాలికి ఫోన్, లేదా రచయితకే ఈమెయిల్. రచయితలు భలే సంతోషంగా పంపుతారు, వాళ్ళ పేపర్ ఎవరో చదువుతున్నారని.

పబ్‌మెడ్ వరస వేరే డేటాబేస్‌లో అలాగే అతికించకూడదు. హెడింగ్‌లు వేరు, గుర్తులు వేరు. పేర్లు మాత్రం అవే.

పద్దు

పీజీలు అసహ్యించుకునే పని ఇది, పట్టుబట్టి చేయించాల్సినదీ ఇదే. ఏ డేటాబేస్, ఏ తేదీ, ఏ వరస, ఎన్ని వచ్చాయి. అడ్వాన్స్‌డ్ పేజీ నుంచి వరసని కాపీ చేసి వర్డ్ ఫైల్లో పెట్టమనండి. “గుర్తుంటుంది మేడమ్” అంటారు. ఉండదు. ఆర్నెల్ల తర్వాత, ఎన్ని పేపర్లు వచ్చాయో, ఎన్ని ఏరామో చూపే ప్రిస్మా బొమ్మ గీసేటప్పుడు, మొదటి డబ్బాలో ఎంత రాయాలో తెలియక నా దగ్గరికే వస్తారు. 2021లో వచ్చిన ప్రిస్మా-ఎస్ అనే చెక్‌లిస్టులో సెర్చ్‌కే 16 అంశాలున్నాయి, దాన్ని ప్రింటు తీసి ఇచ్చేస్తే సగం వాదన తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ల విషయానికొస్తే, డూప్లికేట్లు తీయడానికి జొటెరో, చదివి ఏరడానికి రేయాన్. రేయాన్‌లో ఇద్దరు కూర్చుని ఏరుతున్నప్పుడు ఒకరి నిర్ణయం ఇంకొకరికి కనపడకుండా ఉంచాలి. లేకపోతే జూనియర్ సీనియర్ నొక్కిందే నొక్కుతాడు. అంతకంటే వీటి గురించి చెప్పడానికేం లేదు, వాడితే వస్తుంది.

దొరికిన పేపర్ మంచిదా కాదా అని తేల్చడం డాక్టర్ల పని. మన పని ఆ గుమ్మం దాకా. అయినా నేను కోక్రేన్ లోగో ఒక్కటి పెద్దగా చూపిస్తాను. రోజూ చూసే బొమ్మే కానీ అందులో ఏముందో చాలామందికి తెలీదు. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇస్తే బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందా అని చేసిన ట్రయల్స్, ఒక్కో అడ్డగీత ఒక్కో ట్రయల్. మొదటిది 1972లో వచ్చింది. అన్నిటినీ వెతికి ఒకచోట పేర్చిన రివ్యూ 1989 దాకా రాలేదు. “మధ్యలో పదిహేడేళ్ళు” అని ఆగుతాను. గైనిక్ పీజీలకి ఆపైన ఏమీ చెప్పక్కర్లేదు.

చాట్‌బాట్ తెచ్చిన లిస్టులు

ఈమధ్య కొత్త తద్దినం. ఒకబ్బాయి 12 రిఫరెన్సుల చక్కటి లిస్టు తెచ్చి, ఫుల్ టెక్స్ట్‌లు కావాలన్నాడు. నాలుగింటిని నేనూ అటెండరూ మధ్యాహ్నమంతా వెతికాం. జర్నల్ ఉంది, సంవత్సరం ఉంది, రచయితలున్నారు, పేపర్ మాత్రం లేదు. ఒకదాని డీఓఐ నంబరు కొడితే చేపల పెంపకం మీద ఏదో తెరుచుకుంది. అడిగితే మెల్లగా ఒప్పుకున్నాడు.

తిట్టకండి. దానికీ ఒక పని అప్పగించండి. పేర్లు అడగమనండి: “రాగులకి వేరే దేశాల్లో, వేరే భాషల్లో ఏమంటారు?” ఆ పని బాగానే చేస్తుంది. అది చెప్పిన ప్రతి పేరునీ పబ్‌మెడ్‌లో వేసి, నిజంగా పేపర్లలో ఉందో లేదో చూసుకోవాలి. రిఫరెన్సులు మాత్రం దాని దగ్గర అడగొద్దని గట్టిగా చెప్పండి.

కాదనాల్సినవి

“మేడమ్, ఆదివారంలోపు సిస్టమాటిక్ రివ్యూ చేసేద్దాం” అని వచ్చేవాళ్ళుంటారు. సిస్టమాటిక్ రివ్యూల్ని ముందే నమోదు చేసుకునే ప్రాస్పెరో అనే రిజిస్ట్రీలో ఉన్న రివ్యూల లెక్క తీసి 2017లో ఒక పేపర్ వేశారు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి అచ్చయ్యేదాకా సగటున 67 వారాలు. ఆ సంఖ్య చెప్పి కాఫీ ఇప్పించి పంపించండి. డిసర్టేషన్‌కి కావాల్సింది పద్ధతిగా చేసిన మామూలు రివ్యూ, అది వేరు.

మొదలుపెట్టేముందు అప్పటికే ఎవరైనా చేశారేమో ప్రాస్పెరోలో చూడమనండి. చిరుధాన్యాలు, షుగర్ మీద మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు ముందుండి చేసిన సిస్టమాటిక్ రివ్యూ 2021లోనే వచ్చింది. కడప అమ్మాయికి అది కనపడగానే మొహం వాడిపోయింది. “నా టాపిక్ పోయినట్టేనా మేడమ్?” పోలేదు. వాళ్ళు ఏ తేదీ దాకా వెతికారో చూసి, ఆ తర్వాతవి వెతకవచ్చు. రాగులు ఒక్కదాని మీదే నిలబడవచ్చు. వాళ్ళ రిఫరెన్సుల్లోంచి వలని పరీక్షించడానికి పనికొచ్చే పేపర్లు ఇంకో నాలుగు కూడా దొరికాయి తనకి.

వరస మొత్తం మీరే కట్టి ఇచ్చేయమని గైడ్లు అడుగుతారు. అచ్చయ్యే రివ్యూకి అలా చేయాల్సి వస్తే రచయితల్లో మీ పేరు ఉంటుందా అని మొదటి రోజే అడగండి. నేను మొహమాటపడి అడగని రోజుల్లో చేసిన పని చాలా ఉంది, చివర్లో “లైబ్రరీ సిబ్బందికి ధన్యవాదాలు” అనే ఒక్క లైనులో కలిసిపోయింది.

ఆఖరి క్లాసు విడిగా ఉండదు. పీజీ థీసిస్ ఇవ్వబోయే నెలలో మీరే ఫోన్ చేసి, సెర్చ్ మళ్ళీ నడపమని చెప్పాలి. మొదటిసారి వెతికి ఏడాదిన్నర దాటి ఉంటుంది. అవే వరసలు, కొత్త తేదీ. వర్డ్ ఫైల్లో పద్దు ఉన్నవాళ్ళకి అరగంట పని, లేనివాళ్ళకి రెండు రోజుల ఏడుపు.

కడప అమ్మాయి పద్దు పెట్టుకుంది. పోయిన నెల రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టింది: “మేడమ్, కొత్తవి రెండు వచ్చాయి. ఒకదాంట్లో వింబి అని ఉంది. కెన్యా. ఇదీ రాగులేనా?” రాగులే. తెల్లారి తలుపు తీయగానే చార్టు మీద చోటు వెతికాను. కింద మూల కురక్కన్ పక్కన కాస్త ఖాళీ ఉంది. అక్కడ ఇరికించి రాశాను.